మూడొందల లైన్లూ ముప్ఫై ట్రేల బంతి నారూ

కడియం నర్సరీల మధ్య ఒక వీధిలో ముగ్గురు అన్నదమ్ములుండేవారు. పెద్దవాడు కాశీపతి, నడిపివాడు విశ్వపతి, చిన్నవాడు లోకపతి. ముగ్గురూ మహా తెలివైనవాళ్ళు. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు గానీ వాళ్ళకి మాత్రం బాగా తెలుసు. తమ తెలివికి సరితూగే పిల్లలు దొరక్క ముగ్గురూ బ్రహ్మచారులుగానే మిగిలిపోయారు.

ఇంటి ముందు ఒక బోర్డు కట్టారు. "సునిశిత సాఫ్ట్‌వేర్. చెప్పింది చెప్పినట్టు చేయబడును" అని.

ఆ రెండో మాట రాయించింది కాశీపతే. "లోకంలో పనులెందుకు చెడతాయో తెలుసునుట్రా తమ్ముళ్ళూ? చెప్పేది ఒకటి, చేసేది ఒకటి. మన దగ్గర ఆ బాధ లేదు" అనేవాడు మీసం దువ్వుకుంటూ. లేదు, నిజమే. ఒకసారి డాక్టరుగారు లోకపతికి దగ్గు మందు సీసా ఇచ్చి "భోజనం చేశాక ఒక చెంచా" అన్నాడు. ఇంట్లో తినేది అన్నం, విస్తరి వేసి వడ్డిస్తేనే భోజనం. అంతే. ఎవరింట్లోనో పెళ్ళి పడేదాకా మూడు వారాలు సీసా పక్కన పెట్టుకుని దగ్గుతూ కూర్చున్నాడు.

వాళ్ళకి కంప్యూటరు పని నేర్పింది మేనమామ వరహాలు. ఆయన హైదరాబాదులో పెద్ద ఉద్యోగం. అక్క కొడుకులు గాలికి తిరుగుతున్నారని మూడు నెలలు కూర్చోబెట్టి రూబీ అనే భాష నేర్పి, వెబ్‌సైట్లు కట్టుకుని బతకమని దీవించి వెళ్ళాడు. పాపం, మంచి మనిషి. మంచివాళ్ళకే ఇలాంటివి వస్తాయి.

మొదటి పని పేరంటాలమ్మగారిది. భర్త పోయాక నర్సరీ ఆవిడే నడుపుతోంది. ఆవిడ వెబ్‌సైటు అన్నదమ్ములే కట్టారు. మొదటి పేజీలో ఆవిడ రెండు చేతులూ జోడించి దణ్ణం పెడుతున్న ఫోటో. లోపల మూడొందల రకాల మొక్కలు. ఒక్కో మొక్కకీ ఒక పేజీ.

వెబ్‌సైటు అంటే పెద్ద ఇల్లనుకోండి. వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి ఒక అడ్రసు చెబుతారు. ఆ అడ్రసు చూసి ఎవరిని ఏ గదికి పంపాలో ఒక చిట్టాలో రాసి ఉంటుంది. దాన్ని రూట్స్ అంటారు. పెళ్ళిలో గుమ్మం దగ్గర నిలబడి "మగపెళ్ళివారు ఇటు, పాలబ్బాయి అటు" అనే పెద్దమనిషి చేసే పనే అది. మన అన్నదమ్ములు ఆ చిట్టాలో మొక్కకో లైను చొప్పున మూడొందల లైన్లు రాశారు. దేని గౌరవం దానికుండాలని కాశీపతి పట్టుదల.

ఒకనాడు పొద్దున్నే పేరంటాలమ్మగారు వచ్చింది.

"ఏవయ్యా కాశీపతీ, ఈ ఏడు బంతి నారు పోశాను. పక్క నర్సరీల వాళ్ళందరూ నవ్వారు. ఆడమనిషివి, కుండీల్లో గులాబీలు అమ్ముకో, నారు సంగతి నీకేం తెలుసు అన్నారు. అరవై ట్రేలు, ట్రేకి నూరు మొక్కలు. మొలిచి పదిహేను రోజులైంది. ఇంకో పది రోజుల్లో రైతుల చేతికి వెళ్ళిపోవాలి. ఆపైన ముదిరిపోతే ఎవడూ ముట్టుకోడు, నేను తలెత్తుకు తిరగలేను."

"ఆయ్, మేమున్నాం కదండీ" అన్నాడు కాశీపతి.

"మీరున్నారనేనయ్యా నా బాధ. రైతు ఫోన్ చేసి అడ్రసు అడుగుతాడు. మొక్కలు, ఏటవాలు గీత, పూలవి, ఏటవాలు గీత, ఎండలో పెరిగేవి, ఏటవాలు గీత, ఏడాది మొక్కలు, ఏటవాలు గీత, రెండొందల పదిహేడు... చెప్పేసరికి నాకు ఆయాసం, వినేసరికి అతనికి కునుకు. నాకీ బారెడు అడ్రసులొద్దు. బంతి అంటే బంతి రావాలి, మందారం అంటే మందారం రావాలి. అంతకు మించి ఒక్క ముక్క ఉండకూడదు."

కాశీపతి వెంటనే వరహాల మావయ్యకి ఫోన్ చేశాడు. ఆయన విని "ఒరే, మూడొందల లైన్లేవిట్రా? నా పరువు తీస్తారా? ఒక్క లైను చాలు దానికి!" అన్నాడు.

"ఒక్క లైనేనా మావయ్యా?"

"ఒక్కటంటే ఒక్కటే."

ఇంకేముంది? ముగ్గురూ కూర్చున్నారు. లైనుకీ లైనుకీ మధ్య ఒక గుర్తు పెడితే రెండు లైన్లు ఒకే వరసలో ఉన్నా రూబీ ఏమీ అనుకోదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లైను చివర లైను అతికించారు. మూడొందల లైన్లూ ఒక్క లైనయ్యాయి. తప్పులు చూసుకోవాలి కదా, అచ్చు తీశారు. కాగితానికి కాగితం అంటించుకుంటూ పోతే ఆ లైను వాళ్ళ అరుగు మీద మొదలై వీధి చివర కిళ్ళీకొట్టు దాకా వెళ్ళింది. విశ్వపతి పక్కనే నడుచుకుంటూ పైకి చదివాడు. మధ్యలో ఎవరిదో గేదె వచ్చి గన్నేరు దగ్గర మొదలుపెట్టి చామంతి దాకా నమిలేసింది.

"చూశావా, గేదెకి కూడా ఎంత సులువుగా జీర్ణమైందో!" అని కాశీపతి పొంగిపోయి మావయ్యకి ఫోన్ చేశాడు. "మావయ్యా, ఒక్క లైను చేసేశాం. నూట యాభై గజాలు వచ్చింది."



"ఒరే కాశీ" అన్నాడు ఆయన ఏడుపు గొంతుతో. "అతికించడం కాదురా. ఆ మొక్కల పేర్లన్నీ తీసిపారెయ్యండి. పేరుండే చోట ఒక ఖాళీ వదలండి. అడిగినవాడు ఏ పేరు చెబితే ఆ పేరు వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది. అర్థమైందా?"

"అర్థమైంది మావయ్యా. పేర్లన్నీ తీసెయ్యాలి."

"అన్నీ తీసెయ్యాలి."

చిట్టాలో పేర్లు తీసేశారు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే ఉండేది కాదు. విశ్వపతి గడ్డం గోక్కుని, "అన్నయ్యా, మొక్కల పట్టికలో కూడా పేర్లున్నాయే" అన్నాడు. అవీ తీసేశారు. వెబ్‌సైటులో మూడొందల బొమ్మలు అనాథల్లా మిగిలాయి. అప్పుడు లోకపతి లేచి, "అన్నయ్యా, మరి నర్సరీలో కుండీలకి గుచ్చిన పేర్ల చీటీల మాటేవిటి?" అన్నాడు.

కాశీపతి కళ్ళు చెమ్మగిల్లాయి. తమ్ముణ్ణి కావలించుకుని, "నువ్వు లేకపోతే సగం పనితో చేతులు దులుపుకునేవాళ్ళం కదరా!" అన్నాడు.

అంతే. మూడు గంపలు పట్టుకుని మిట్టమధ్యాహ్నం నర్సరీ మీద పడ్డారు. కూలీలందరూ అన్నాలకి వెళ్ళారు. ముగ్గురూ మూడు వైపుల నుంచి చీటీలు పీక్కుంటూ పోయారు. మొక్కలన్నీ అయిపోయాక నీళ్ళ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న ఒక కూలామె కనిపించింది.

"నీ పేరేంటమ్మా?" అన్నాడు లోకపతి.

"మల్లి."

"మల్లంటే మొక్క పేరే కదా. అది కూడా తీసెయ్యాలమ్మా. కోప్పడకు, పై నుంచి వచ్చిన ఆర్డరు."

ఆమె కోప్పడలేదు. చీపురు తీసింది, అంతే. ముగ్గురూ గంపలు నెత్తిన బోర్లించుకుని ఇంటి దాకా పరిగెత్తారు.

ఆ సాయంత్రం ఎర్ర మందారం కొన్నాయనకి తెల్ల మందారం వెళ్ళింది. పూలు లేని మొక్కలు, చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి. కరివేపాకు అడిగిన వాడికి వేప మొక్క వెళ్ళింది. పేరంటాలమ్మగారు, మల్లి, మరో నలుగురు కూలీలు మూడు రోజుల పాటు ఆకు నలిపి వాసన చూసి, కొమ్మ గిల్లి పాలు చూసి మళ్ళీ చీటీలు గుచ్చారు. పదిలో అయిదు రోజులు ఇలాగే పోయాయి.

మావయ్య ఈసారి ఫోన్లో అక్షరం అక్షరం చెప్పి తనే రాయించాడు. పేర్లన్నీ పట్టికలోకి ఎక్కించాడు. ఒక్క లైను, అందులో ఒక్క ఖాళీ. కాశీపతి అడ్రసు దగ్గర "బంతి" అని కొట్టాడు. బంతి వచ్చింది! మందారం అన్నాడు. మందారం వచ్చింది! లోకపతి కుర్చీ ఎక్కి గంతేశాడు.

ఆ పూటే ముప్ఫై ట్రేలకి ఆర్డర్లు వచ్చాయి. పేరంటాలమ్మగారు స్వయంగా ఫ్లాస్కులో కాఫీ పట్టుకొచ్చి, "పోనీలే నాయనా, చివరికి దారిలో పడ్డారు" అంది. ఆ మాటకి కాశీపతికి గుండె నిండిపోయింది. తన తెలివి ఇన్నాళ్ళకి ఒకరి కంట పడింది కదా అనుకున్నాడు.

ఇంతలో ఎవరో రైతు బంతి అనడానికి బదులు "మంచి బంతి" అని కొట్టాడు. మంచి బంతి అనే పేరు పట్టికలో లేదు. తెల్ల పేజీ వచ్చింది. రైతు ఫోన్ చేసి, నారు చచ్చిపోయిందా అని అడిగాడు.

కాశీపతి మావయ్యని అడిగాడు. ఆయన, "లేని అడ్రసు ఎవరైనా కొడితే మొదటి పేజీకి పంపాలిరా. దానికి నక్షత్రం గుర్తుతో ఒక లైను రాస్తారు. అది ఏ అడ్రసునీ కాదనదు. ఏదొచ్చినా పట్టుకుంటుంది. చాలా ముఖ్యమైన లైను, జాగ్రత్తగా, మర్యాదగా చూసుకోండి" అన్నాడు.

నక్షత్రం లైను రాశారు. ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న.

"తమ్ముళ్ళూ, విందులో అందరికన్నా పెద్దాయన వస్తే బంతిలో ఎక్కడ కూర్చోబెడతాం?" అన్నాడు కాశీపతి.

"మొదట్లో అన్నయ్యా!" అన్నారు ఇద్దరూ.

"మావయ్య మర్యాదగా చూసుకోమన్నాడా?"

"అన్నాడన్నయ్యా!"

ఇంకేముంది? నక్షత్రంగారిని చిట్టాలో అందరికన్నా పైన కూర్చోబెట్టారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ చిట్టాని పై నుంచి కిందకి చదువుతారు. ముందుగా ఎవరు "ఇది నాది" అంటే వాళ్ళదే. నక్షత్రంగారు కాదనే రకం కాదు కదా. మొదటి విస్తరి ఆయనదే. గారెలొచ్చినా ఆయనకే, పులిహోర వచ్చినా ఆయనకే. వరసలో తర్వాత వాళ్ళ ఆకుల్లో ఒక్క మెతుకు పడలేదు.

మధ్యాహ్నానికి పేరంటాలమ్మగారి ఫోన్.

"ఏవయ్యా, ఏం కొట్టినా నా ఫోటోయే వస్తోంది! బంతి అంటే నేనే దణ్ణం పెడుతున్నాను, మందారం అంటే నేనే దణ్ణం పెడుతున్నాను. మండపేట నుంచి ఎవరో ఫోన్ చేసి, అమ్మా, మీ దణ్ణాలు పద్దెనిమిది అందాయి, ఇక నారు పంపండి అంటున్నాడు!"

"మీరు ముఖ్యం కదండీ, అందుకని..."

"నారు ముఖ్యం నాయనా! మూడు రోజులే ఉంది!"

మావయ్యకి ఫోన్ చేశారు. ఆయన తల బాదుకున్న చప్పుడు ఫోన్లో వినిపించింది. "పైన పెట్టారా? ఓరి దేవుడా! దాన్ని అందరికన్నా చివర పెట్టండిరా. దాని తర్వాత ఇంకొక్క అక్షరం ఉండకూడదు. తెలిసిందా?"

తెలియకేం? ఫైలు అట్టడుగుకి వెళ్ళారు. రూబీలో ఏది మొదలుపెట్టినా, ఇక్కడితో సరి అని చెప్పే మాట ఒకటి అడుగున రాస్తారు. ఆ మాట పడ్డాక రూట్స్ చిట్టా ముగిసినట్టే. విశ్వపతి దాని పైన పెట్టబోయాడు. కాశీపతి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా. దీని తర్వాత ఒక్క అక్షరం ఉండకూడదన్నాడా? ఆ ముగింపు మాట కిందే ఉందిగా. అక్షరం కాదుట్రా అది?"

నిజమే అనుకున్నారు. చిట్టా ముగిసిందన్న మాటకి కూడా కింద నక్షత్రంగారిని పెట్టారు. భోజనాలయ్యి, పందిరి విప్పేసి, వంటవాళ్ళు గరిటెలు కడుక్కుని వెళ్ళిపోయాక పెద్దాయనకి వీధిలో విస్తరి వేసినట్టయింది. ఈయనెవరో, ఎక్కడి వాడో రూబీకి అర్థం కాలేదు. వెబ్‌సైటు మొత్తం కుప్పకూలింది. ఇప్పుడు పేరంటాలమ్మగారి దణ్ణం కూడా రావడం లేదు.

మర్నాడు వరహాలు రైలు దిగి సరాసరి వచ్చాడు. కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఇచ్చిన కాఫీ చల్లారేలోపు పని అయిపోయింది. మొత్తం ఏడు లైన్లు. బంతి అంటే బంతి. మంచి బంతి అంటే మొదటి పేజీ. అన్నీ ముత్యాల్లా పనిచేశాయి.

లేచి, ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి, తన నెత్తిన చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నాడు.

"ఇక మీరు దీన్ని ముట్టుకోరు. ఇంకెవరినీ ముట్టుకోనివ్వరు. అనండి."

"ముట్టుకోం. ముట్టుకోనివ్వం."

ఆయన రైలెక్కాడు. నారుకి ఇంకా రెండు రోజులుంది. ముప్ఫై ట్రేలు మిగిలాయి. రైతులు ఎదురు చూస్తున్నారు. అన్నీ సవ్యంగా ఉన్నాయి. మీరు నిట్టూర్చకండి, కథ ఇంకా ఉంది.

కాశీపతి చేతికర్ర పట్టుకుని కంప్యూటరు ముందు కాపలా కూర్చున్నాడు. విశ్వపతి ఇంటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అంతా భద్రంగా ఉందనుకుంటుండగా లోకపతి పాలిపోయిన మొహంతో పరిగెత్తుకొచ్చాడు.

"అన్నయ్యా, ఘోరం! కిళ్ళీకొట్టు దగ్గర ఒక రైతు ఫోన్లో మన వెబ్‌సైటు చూస్తున్నాడు. బంతి బొమ్మ మీద వేలు పెట్టి నొక్కుతున్నాడు!"

"ముట్టుకున్నాడా?"

"ముట్టుకున్నాడన్నయ్యా! నా కళ్ళతో చూశాను!"

మావయ్య నెత్తి మీద ఒట్టు. ఇక్కడొకడు ముట్టుకున్నాడంటే ఊరూరా ఎంతమంది ముట్టుకుంటున్నారో! వాళ్ళందరికీ వద్దని చెప్పాలి. చెప్పాలంటే మొదటి పేజీలో రాయాలి. రాయాలంటే తాము ముట్టుకోవాలి. ముగ్గురూ ఆలోచించి ఆలోచించి చెమటలు కక్కారు.

చివరికి విశ్వపతికి తట్టింది. "ముట్టుకోవద్దన్నాడు గానీ, పుల్లతో పొడవద్దనలేదుగా?"

ఆహా! వెంటనే వేప పుల్లలు తెచ్చారు. ఒక్కో అక్షరం పుల్లతో పొడుస్తూ పేరంటాలమ్మగారి ఫోటో కింద ఎర్రగా రాశారు: "దయచేసి దేనినీ ముట్టుకోవద్దు. ముట్టుకున్న వారికి నారు ఇవ్వబడదు."

గోదావరి జిల్లా రైతులు మర్యాదస్తులు. వద్దంటే వద్దు. అంతే. నాలుగు రోజులు ఒక్క ఆర్డరు రాలేదు.

అయిదో రోజు పొద్దున్న ఒక మినీ లారీ వచ్చి వాళ్ళ గుమ్మం ముందు ఆగింది. పేరంటాలమ్మగారు దిగింది. అరవలేదు, తిట్టలేదు. వెనక తలుపు దించి, "చూడు కాశీపతీ" అంది.

ముప్ఫై ట్రేలు. ఆకులు పసుపు పచ్చగా పాలిపోయాయి. వేళ్ళు ట్రేల అడుగు కన్నాల్లోంచి బయటికొచ్చి వేలాడుతున్నాయి. కొన్ని అప్పుడే చిన్న మొగ్గ తొడిగి, పెద్దయ్యే చోటు లేక తలవాల్చాయి. పేరంటాలమ్మగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఊళ్ళో నవ్వుతున్నారయ్యా. నవ్వుతారనే భయపడ్డాను, అదే జరిగింది."

కాశీపతికి బతుకులో మొదటిసారి, తమ తెలివిలో ఎక్కడో చిన్న లోటుందేమో అనిపించింది. నిజంగానే బాధపడ్డాడు. "ఏం చెయ్యమంటారో చెప్పండమ్మా. చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అన్నాడు.

ఆ మాట వినేసరికి ఆవిడకి ఎక్కడలేని కోపం వచ్చింది.

"చెప్పింది చెప్పినట్టా? అయితే తీసుకెళ్ళి మీ ఇంట్లో నాటుకోండి! ఒక్క మొక్క తొక్కారంటే కాళ్ళు విరగ్గొడతాను! ఇక మీ మొహాలు నాకు చూపించకండి!"

"నీళ్ళు ఎన్ని పొయ్యాలండీ?" అన్నాడు లోకపతి, మర్యాదగా.

"ఎండా వానా తగిలితే చాలు. మీ తెలివి తగలకుండా ఉంటే అదే పదివేలు!"

ట్రేలు అరుగు మీద పెట్టించి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఇంకేముంది? అన్నదమ్ములు పంచెలు ఎగ్గట్టారు. ఇంట్లో నాటాలంటే నేల కావాలి. గునపాలతో గచ్చు తవ్వేశారు. ఎండా వానా తగలాలి. పైకెక్కి సిమెంటు రేకులు విప్పేశారు. వంటింటి మీదవి మాత్రం ఉంచారు, మొక్కలు అక్కడిదాకా రావని లెక్క చూసుకుని. తర్వాత వీధి గుమ్మం దగ్గర ముగ్గురూ వరసగా నిలబడి వంగారు. వరి నాట్లు వేసేవాళ్ళు ఎలా వేస్తారు? వెనక్కి నడుచుకుంటూ వేస్తారు. వీళ్ళూ అలాగే వెనక్కి వెనక్కి నాటుకుంటూ పోయారు. సావిడి నిండింది. పడకగది నిండింది. పాదం పెట్టే సందు లేకుండా జానెడు జానెడు దూరంలో మూడు వేల మొక్కలు. సాయంత్రానికి ఆఖరి మొక్క నాటి నడుం ఎత్తేసరికి ముగ్గురి వీపులూ వంటింటి గోడకి ఆనాయి.

"ఎంత నీటుగా వచ్చిందో చూడరా!" అన్నాడు కాశీపతి.

"బాగుందన్నయ్యా. మరి గుమ్మం దాకా ఎలా వెళ్ళాలి?" అన్నాడు విశ్వపతి.

ముగ్గురూ ముందుకి చూశారు. గుమ్మం దాకా బంతి మొక్కలు. ఒక్కటి తొక్కినా కాళ్ళు విరుగుతాయి. వంటింటికి పెరటి తలుపు లేదు, ఒక స్నానాల గది, ఒక పెద్ద కిటికీ ఉన్నాయంతే.

"వెళ్ళడం దేనికిరా? మొహాలు చూపించొద్దంది కదా" అన్నాడు కాశీపతి.

అంతే. అక్కడే ఉండిపోయారు. పక్కింటి మంగతాయారుగారు పొద్దున ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం కిటికీలోంచి అందించేది. వీళ్ళు మొహాలకి చేటలు అడ్డం పెట్టుకుని అందుకునేవారు. ఇదేదో దీక్ష అనుకుని ఆవిడ ఏమీ అడగలేదు.

ఆ ఏడు వానలు విపరీతంగా కురిశాయి. పల్లపు చేలన్నీ మునిగాయి. రైతులు వేసిన బంతి కుళ్ళిపోయింది. పక్క నర్సరీల వాళ్ళ నారూ పోయింది, నవ్వినవాళ్ళ నారూ పోయింది. అన్నదమ్ముల ఇల్లు మాత్రం మూడు మెట్ల ఎత్తు. నీళ్ళు నిలవలేదు. ఎండా తగిలింది, వానా తగిలింది. తెలివి తగలలేదు.

దసరాకి మూడు రోజుల ముందు ఊరంతా పూలకి వెతుక్కుంటుంటే, మల్లి పరిగెత్తుకొచ్చి, "అమ్మగారూ, ఆ వెర్రోళ్ళ ఇల్లు పూసిందండీ!" అంది.

పేరంటాలమ్మగారు గంప పట్టుకుని వెళ్ళింది. గోడ మీంచి చూస్తే కప్పు లేని ఇంట్లో పచ్చపచ్చగా, ఎర్రెర్రగా ఒకటే బంతి. వీధి గుమ్మం కమ్ముకుపోయింది. పండగకి పూలు కావాలని జనం అప్పుడే చేరారు. "పేరంటాలమ్మ నారటండీ, పేరంటాలమ్మ నారు" అనుకుంటున్నారు. ఆ మాట చెవిన పడేసరికి ఆవిడకి కళ్ళ నీళ్ళూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ముదిరిపోయిందని వదిలేసుకున్న నారు, ఆవిడ పరువు నిలబెట్టింది.

ఇల్లు చుట్టి వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళింది. లోపల మూడు చేటలు కనిపించాయి.

"ఎవరయ్యా చేటల వెనక?"

"మేమేనండీ. మొహాలు చూపించొద్దన్నారు కదండీ" అంది మధ్య చేట, కాశీపతి గొంతుతో.

"ఓరి మీ తెలివి తగలెయ్యా! నలభై అయిదు రోజులు ఇందులోనే ఉన్నారా? దించండి ఆ చేటలు, కోపం పోయింది నాకు. బయటికి రండి."

"దారి లేదండీ" అన్నాడు కాశీపతి చేట దించి, సగర్వంగా. "మూడొందల దారులు ఒక్కటి చెయ్యమన్నాడు మావయ్య. అసలు ఒక్కటీ లేకుండా చేశాం. దీనికన్నా సులువు ఎవడి వల్లా కాదండీ."

"ఈ కిటికీకి ఊచలు లేవు కదయ్యా. దూకి రండి!"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కిటికీ! గాలి వస్తుంది, ఇడ్లీలు వస్తాయి, మనుషులు కూడా పోవచ్చన్న మాట! "ఎంతైనా పెద్దావిడ పెద్దావిడే" అనుకుని ముగ్గురూ బయటికి దూకారు. ఎండకి కళ్ళు చికిలించుకుంటూ నిలబడ్డారు.

"హమ్మయ్య. ముందా కిటికీకి గడియ పెట్టండి, కోతులు దూరి పూలు పాడుచేస్తాయి. తర్వాత నిచ్చెన వేసుకుని కోద్దాం" అంది పేరంటాలమ్మగారు.

గడియ లోపలి వైపుంది. అంతే. లోకపతి చటుక్కున లోపలికి దూకి, కిటికీ మూసి, గడియ పెట్టాడు. కాసేపయ్యాక లోపలి నుంచి గొంతు వినిపించింది.

"గడియ పెట్టేశానన్నయ్యా! ఇప్పుడు నేను ఎటు రావాలి?"

కాశీపతి గంభీరంగా ఆలోచించాడు. "దారి తెలియనివాణ్ణి మొదటికి పంపమన్నాడు మావయ్య! వీధి గుమ్మానికి వచ్చెయ్యరా!"

"ఒక్క మొక్క తొక్కకుండానా?"

"ఒక్కటి కూడా తొక్కకుండా!"

కాశీపతి మనసు కరిగిపోయింది. "పాపం చిన్నవాడు, ఒక్కడికి ఏం తోస్తుందిరా? పద, మనమూ ఉంటే ఏదో ఒకటి ఆలోచించవచ్చు" అని విశ్వపతి చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ కిటికీ తలుపు తట్టారు. లోకపతి గడియ తీశాడు.

పేరంటాలమ్మగారు ఖాళీ గంపతో చూస్తుండగానే ఇద్దరూ లోపలికి దూకి, మరిచిపోకుండా మళ్ళీ గడియ పెట్టారు.